చెప్పులు విడిచిన చర్చి

2008 మే 10, శనివారం. ఈ ఉదయం మా ఊరి చర్చి గుమ్మంలో కొత్త చెప్పుల స్టాండు కనిపించింది! నవ్వాగలేదు.

ఇంగ్లండులో స్లౌ పట్టణం దగ్గర నాతో పెరిగినవాళ్లారా, మన ఎనిమిదో ఏట ఆ చర్చి నేల గుర్తుందా? వందల ఏళ్ల నాటి మట్టి పలకలు, చల్లగా, మైనం వాసనతో. వాటి మీద జింకలు, సింహాలు. బూట్ల ఇసుకకు బొమ్మలు అరిగిపోతున్నాయని, మరుసటి వారమే కార్పెట్ కప్పేస్తామన్నారు. ‘అరుగుదల’ అన్న మాట అప్పుడు తెలియదు, దిగులు మాత్రం తెలుసు. ఆఖరిసారి చూద్దామని అమ్మను లాక్కెళ్లాను.

అమ్మ గుమ్మంలోనే చెప్పులు విడిచింది. నేనూ విడిచాను.

“ఇక్కడ అక్కర్లేదమ్మా,” అన్నారు చర్చిని చూసుకునే ముసలి ఆంటీ.

“అలవాటు ఆంటీ. దేవుడెవరైనా చెప్పులతో ఎలా వస్తాం?”

ఈలోగా నేను సాక్స్‌తో పరుగెత్తి, జింక మీద జారి కూలబడ్డాను. ఆంటీ వంగి, ముందు పలకను చూశారు, తర్వాత నన్ను.

“ఒక్క గీత కూడా పడలేదు! ఇంక కార్పెట్ ఎందుకు?” అంటూ తన బూట్లూ విప్పేశారు.

అప్పటినుంచి ఊరంతా గడప బయటే చెప్పులు విడుస్తోంది.

రేపు పొద్దున తొమ్మిదింటికి ఆ పలకలు తుడవడానికి వెళ్తున్నాను. మీరూ రండి, చిరుగుల్లేని సాక్స్ వేసుకుని.