అన్నం నిండుకుంది

హేతుబద్ధంగా ఆలోచించేవాడికి జీవితంలో అపజయం ఉండదని నేను ముప్పై నాలుగేళ్ళు నమ్మాను. ఆ నమ్మకం చోడవరంలోని మా ఇంట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా ఇరవై అయిదు నిమిషాల్లో ఎలా కూలిపోయిందో మనవి చేస్తాను. తేదీ నా డైరీలో ఉంది. అచ్చులో వేయవద్దని మా ఆవిడ ఆజ్ఞ.

నేను విశ్రాంత సర్వేయరును. గొలుసుతో కొలవనిదేదీ నాకు నిజం కాదు. కొలవడానికి భూములు లేకపోయేసరికి ఇంట్లో మాటల మీద పడ్డాను. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనడమేమిటి? ఖాళీ డబ్బా నిండిందనడం ఏ తర్కం? ఇకపై ఈ ఇంట నిండుకుందంటే నిండినట్టే, అయిపోతే అయిపోయిందనే అనాలి అని కాగితం మీద రాసి, సంతకం చేసి, వంటింటి తలుపుకు అంటించాను. మా ఆవిడ చదివి, చేతి తడి దానికే తుడుచుకుంది. దాన్ని నేను ఆమోదముద్రగా భావించాను.

ఆ ఆదివారం దేవరాపల్లి నుంచి పెళ్ళికూతురి తరఫువారు పద్నాలుగు మంది భోజనానికి వచ్చారు. పిల్లా మా అబ్బాయీ అప్పటికే ఇష్టపడ్డారు. మా ఇల్లు చూసి వాళ్ళ నాన్నగారు ఊ అనడమే తరువాయి. అబ్బాయి వీధి గుమ్మానికీ పెరటికీ మధ్య నలభై ఒక్కసార్లు తిరిగాడు. లెక్కపెట్టింది నేనే.

వారు పద్నాలుగు, మేము నలుగురం. మనిషికి నూట యాభై గ్రాముల చొప్పున రెండు కిలోల ఏడువందల గ్రాముల బియ్యం తూచి ఇచ్చాను. అయిదు కిలోలు వండుతానంది మా ఆవిడ. వద్దన్నాను. చెరకు తోటల్లో నడుము వంచే మనుషుల ఆకలి నా పట్టికలో లేదు.

నేను విస్తళ్ళ మధ్య తిరుగుతూ తర్కం గురించి ఉపన్యసిస్తుండగా వంటింటి గుమ్మంలోంచి ఆవిడ పిలిచింది.

"ఏవండీ, ఓపాలి ఇలా రండి. అన్నం నిండుకుంది."

శుభకార్యంలో "అయిపోయింది" అనే మాట ఆమె నోట రాదని నాకు తెలుసు. అయితే నియమం అమలులో ఉంది, ఆమె చదివింది, కనుక అన్నం నిండుగా ఉంది. ఇందులో దోషం ఎక్కడుందో ఇప్పటికీ నాకు తోచదు.

"విన్నారుగా బావగారూ, మొహమాటపడకండి. మారు నేనే వడ్డిస్తాను," అని వెళ్ళి గుండిగ ఎత్తుకొచ్చాను. బరువు లేదేమని అనుమానించవలసింది. గరిటె అడుగుకు తగిలి గంటలా మోగింది.

పద్నాలుగు చేతులూ ఆగిపోయాయి. అబ్బాయి నలభై రెండోసారి తిరుగుతున్నవాడు సగంలో నిలబడిపోయాడు.

పిల్ల తండ్రి నిదానంగా విస్తరి మడిచాడు. అందులో పప్పు ఇంకా అన్నం కోసం ఎదురుచూస్తోంది.

"మా కడుపులు నిండిపోనాయి బావగారూ. ఇంక మెతుకు పట్టదు."

మిగిలిన పదముగ్గురికీ ఆ క్షణంలోనే కడుపులు నిండాయి.

ఆటో ఎక్కుతూ ఆయన మా ఆవిడతో అన్నాడు. "సెల్లెమ్మా, పిల్లనిస్తన్నాం. నువ్వున్నావనే ధైర్యం. బావగారికి మాత్రం తెలివి నిండుకుంది."

నియమం ఇంకా అమలులోనే ఉంది గనుక నేను రెండు చేతులా నమస్కరించి, ఆ ప్రశంసను డైరీలో ఎక్కించాను. పెళ్ళయిన మూడోనాడు అది చదివి మా ఆవిడ నవ్విన నవ్వుకు కొత్త కోడలు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

సంబంధం నిలబెట్టింది నా తర్కం కాదు, సగం ఆకలితో లేచిన పెద్దమనిషి ఆడిన అబద్ధం. కాబట్టి ఇక మీదట బియ్యం తూచనని, మాటలకు సంతకం పెట్టి అర్థాలు నిర్ణయించనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇంకా రాయవలసింది ఉంది గాని, కాగితం నిండుకుంది.