ఓబులేసన్న వీడియో జాబులు

కళ్యాణదుర్గంలో నా స్టూడియో పక్కనే మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. పొద్దున్నే మెకానిక్ చైన్లు విప్పి కిరసనాయిల్లో కడుగుతాడు. ఆ వాసన లోపలికి వచ్చిందంటే, నడి ఎండాకాలంలో కూడా నా వేళ్ళు కొంకర్లు పోయినట్టుంటాయి. ఉత్తరాన మంచుకొండల మీద మేమున్న పదకొండు నెలలూ తిన్న రొట్టె, కప్పుకున్న కంబళి, ఆఖరికి తాగిన టీ కూడా కిరసనాయిలు కంపే. గుడారంలో వెచ్చదనానికి రేకు పొయ్యి, మంచు కరిగించి నీళ్ళు చేసుకోవడానికి ఇంకో పొయ్యి, రెండింటికీ అదే నూనె. ఆ కంపు వెంటే హవల్దార్ ఓబులేసన్న గుర్తొస్తాడు. మా పటాలంలో ఫొటోలు, వీడియో తీసే పని ఆయనది. కెమెరా పట్టడంలో నన్ను మించినవాడు లేడని నేను విర్రవీగుతున్న రోజుల్లో, నాకేమీ రాదని మొహం మీదే చెప్పిన మనిషి.

ఆయనది తాడిపత్రి. వాళ్ళ నాయన బండలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నాది కంబదూరు. రెండేళ్ళు వరసగా వేరుశనగ ఎండిపోతే, ఒక స్టూడియోలో చేరి పెళ్ళి వీడియోలు తీశాను. ఆ తర్వాత సైన్యంలో చేరాను. ఆ సంగతి తెలిసి నన్ను ఆయనకు జతగా వేశారు. నేను నా విద్య చూపిద్దామని మొదటి రోజే బయలుదేరాను. వీపు మీద కిరసనాయిలు క్యాన్లు కట్టుకుని కొండెక్కుతున్న నలుగురు జవాన్లను ఆపి, ఇటు తిరగండి, నవ్వండి, చెయ్యి ఊపండి అని పురమాయించాను. పాపం, రొప్పుతూనే నిలబడ్డారు వాళ్ళు. ఓబులేసన్న వచ్చి కెమెరా మూత మూసేశాడు.

"ఏమప్పా సూరీ, వాళ్ళేమన్నా పెండ్లికొడుకులా? బరువు మోసేటోన్ని నిలబెట్టి నవ్వమంటాండావే, సిగ్గు ల్యా?"

"వెలుతురు బాగుండాదని అన్నా..."

"వెలుతురు రేపూ వస్తాది. వాళ్ళను పోనీ. నువ్వే వాళ్ళెమ్మడి పో."

పోయాను. నూరడుగులు ఎక్కేసరికి ప్రాణం గొంతులోకి వచ్చింది. ఆ వారమంతా ఆయన్ను లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

పెద్ద అధికారులు వచ్చినప్పుడు వాళ్ళనూ తీసేవాడు, తప్పదు గనక. మిగతా రోజుల్లో జవాన్లు ఒకరికొకరు జుట్టు కత్తిరించుకోవడం, మేజోళ్ళు పొయ్యి మీద ఆరబెట్టుకోవడం, రాత్రి కురిసిన మంచును పారతో తోడడం తీసేవాడు. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయని చంకలో పెట్టుకుని తిరిగేవాడు. వెచ్చటి గుడారంలోకి వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో చుట్టమనేవాడు, లేకుంటే అద్దానికి తేమ పడుతుంది. పైన ఫోన్లు లేవు, జాబు చేరడానికి వారాలు పట్టేది. అందుకని ఎవరైనా సెలవు మీద దిగుతుంటే, మనిషికో నిమిషం చొప్పున జవాన్ల చేత ఇంటివాళ్ళతో మాట్లాడించి క్యాసెట్టు పంపేవాడు. తీయడం అయిపోగానే క్యాసెట్టు అంచున ఉన్న చిన్న మీటను పక్కకు జరపాలి. జరిపితే దానిమీద మళ్ళీ రికార్డు కాదు. ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పేవాడు.

తనకల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చిన నరసింహులు మాతోనే ఉండేవాడు. తండ్రి లేడు, తల్లి ఒక్కతే. ఆమెకు క్యాసెట్టు పంపిస్తానని ముందే జాబు రాశాడు. ఆ రోజు ఓబులేసన్న కొండ మీది ఇంకో కాపలా పోస్టుకు పోయాడు, తీసింది నేనే. వెనక తెల్లటి మంచు, అందువల్ల మొహం నల్లగా పడుతోంది. వాడిని ఇటు జరిపి, అటు జరిపి, టోపీ పైకెత్తించి, నా తంటాలు నేను పడ్డాను. వాడు తల్లితో మాట్లాడాడు. "అయిపాయనా అన్నా?" అని అడిగాడు. బ్రహ్మాండంగా వచ్చిందన్నాను. వేళ్ళు కొయ్యబారి, క్యాసెట్టును అట్లాగే జేబులో వేసుకున్నాను. మీట జరపలేదు.

వారం తిరక్కముందే హెలికాప్టర్లో ఒక పెద్ద అధికారి దిగాడు. హడావుడిలో జేబులో చేతికి తగిలిన క్యాసెట్టు ఖాళీదనుకుని వేసి, మొదటికి తిప్పి ఆయన ప్రసంగమంతా తీశాను. ఆ నెలలోనే నరసింహులుకు ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయి. మబ్బు పట్టి రెండు రోజులు హెలికాప్టరు రాలేదు. మూడో రోజు వచ్చింది గానీ, అప్పటికే వాడు పోయాడు. ఇంటికి పంపుదామని ఓబులేసన్న ఆ క్యాసెట్టు అడిగి వేసి చూశాడు. వాడి నిమిషం ఉండవలసిన చోట అధికారి మాట్లాడుతున్నాడు.

"చలికి క్యాసెట్టు చెడిపోయిందని రాద్దామన్నా" అన్నాను.

ఆయన అరవలేదు. "ఆయమ్మ ఎదురుచూస్తాంటాది. నువ్వే పోయి చెప్పాల" అన్నాడు.

"నాతో కాదన్నా."

"నేనూ వస్తా. చెప్పేది మాత్రం నువ్వే."

కొండ దిగాక సెలవు పెట్టి ఇద్దరం కదిరిలో బస్సు మారి ఆ పల్లెకు పోయాం. మేం వస్తున్నామని తెలిసి ఆమె పక్కింటివాళ్ళ టీవీ, వీడియో ప్లేయరు తెప్పించి, అరుగు మీద పెట్టించింది. నలుగురూ చేరారు. "క్యాసెట్టు తెచ్చినారా నాయనా?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. నా తప్పేనని చెప్పాను. నన్ను తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె టీవీ ప్లగ్గు పీకేసి నా ఎదురుగా కూర్చుంది.

"పోతే పోయిందిలే నాయనా. ఎదురుగా ఉండేది నువ్వే గదా. ఏం చెప్పినాడో నువ్వు చెప్పు."

నాకు వాడి ఎడమ చెంప మీది వెలుతురు గుర్తుంది. ఊడిన పై గుండీ గుర్తుంది. వాడి మాట ఒక్కటంటే ఒక్కటి గుర్తు లేదు. నేను మొహం మీది నీడ చూసుకుంటున్నాను, వినలేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామని నోటిదాకా వచ్చింది. అది ఇంకా పెద్ద దొంగతనమనిపించింది.

"వినలేదమ్మా" అన్నాను.

అప్పుడు ఓబులేసన్న తన సంచిలోంచి ఫొటోల కవరు తీశాడు. ఫొటోలున్నాయని దారిలో నాకు కూడా చెప్పలేదు. వాటిని ముందే ఇస్తే నేను వాటి చాటున దాక్కుంటానని ఆయనకు తెలుసు. ఆమె మొదటిది చేతిలోకి తీసుకుంది. నరసింహులు ఎవరికో జుట్టు కత్తిరిస్తున్నాడు.

"ఈడ ఏమంటాండాడు?"

"కదలొద్దు, చెవి తెగితే కుట్టేదానికి నాకు రాదు, అంటాండాడమ్మా" అన్నాడు ఓబులేసన్న.

ఆమె పెదాలు కదిలాయి. రెండోది చూపింది. మంచు గిన్నెలోకి ఎత్తుతున్నాడు.

"ఈ మంచంతా మా చేన్లో పడింటే ఈ ఏడు సెనక్కాయ పండేది, అంటాండాడు."

"ఇదో?"

"ఇంటికి పోతానే అమ్మతో బొరుగుల ఉగ్గాని చేయించుకొని తింటా, అంటాండాడు."

పదకొండు ఫొటోలు. పదకొండింటికీ చెప్పాడు, ఎక్కడా తడుముకోకుండా. ఆమె ఏడుస్తూనే ఒక్కోదాన్నీ రెండోసారి చెప్పించుకుంది. నేను పక్కన కూర్చుని అవమానంతో కుంగిపోయాను.

ఓబులేసన్న పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నేను ఎవరి వీడియో తీసినా వెలుతురు సంగతి ముందే చూసుకుంటాను. వాళ్ళు నోరు తెరవగానే కెమెరాను దాని మానాన వదిలేసి మనిషి మాట వింటాను. స్టూడియోలో మా కుర్రాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. వందల మంది మాటలు నాకు గుర్తున్నాయి. నరసింహులు తల్లితో ఏం చెప్పాడో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. నా వల్ల ఆమెకూ తెలియదు.