టిక్కు బాబాయ్ లెక్క

ఆఫీసులో ఆయన్ని అందరూ టిక్కు బాబాయ్ అనేవాళ్ళు. అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం, పైన ఒక బొత్తాం. నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. ఇరవై రెండేళ్ళు ఆ బొత్తామే ఆయనకి కూడు పెట్టింది. పెద్ద దుకాణాలవాళ్ళు కొత్త బ్రాంచి తెరిచే ముందు ఆ వీధిలో రోజుకి ఎంతమంది నడుస్తారో తెలుసుకోవాలి కదా. అది లెక్కపెట్టి చెప్పే కంపెనీలో ఆయన నిలబడే మనిషి. పొద్దున ఎనిమిదింటికి వీధి మొదట్లో నిలబడితే సాయంత్రం ఎనిమిదిదాకా అక్కడే. ఎండకి ఎండి, వానకి తడిసి, మోకాళ్ళు అరగదీసుకున్నాడు.

"కొంగకైనా ఒంటికాలి జపం చేస్తే చేప దొరుకుతుంది. మీకేం దొరికింది?" అని దెప్పేది భార్య.

అయినా ఆయనకి ఆ పనంటే గర్వం. దారినపోయేవాడికీ, దుకాణంలోకి వచ్చేవాడికీ నడకలోనే తేడా తెలుస్తుందనేవాడు. "బస్సు కోసం పరిగెత్తేవాణ్ణి కూడా లెక్కేస్తే ఎలా? వాడు ఆగి సబ్బు కొంటాడా?"

భార్య తమ్ముడు చదువయ్యాక రెండేళ్ళు ఖాళీగా తిరిగాడు. ఈయనే మేనేజరు కాళ్ళావేళ్ళా పడి తన ఆఫీసులో పెట్టించాడు. బావమరిది చురుకైనవాడు. అయిదేళ్ళు తిరక్కుండా ఏసీ గదిలోకి చేరాడు. అతని చేతుల మీదుగానే ఆఫీసుకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. దుకాణం పేరు కొడితే చాలు, దాని బ్రాంచీలన్నీ మ్యాపు మీద చుక్కలుగా పడతాయి. చుక్క నొక్కితే చిరునామా, తెరిచే వేళ, మూసే వేళ, ఆ ముందు నుంచి గంటకి ఎంతమంది పోతున్నారో అంతా వస్తుంది. జనం జేబుల్లో ఫోన్లే ఆ లెక్క చెబుతాయట.

అప్పటికి నిలబడేవాళ్ళు పద్నాలుగు మంది. ఏడాదిలో పదమూడు మందిని పంపేశారు. సాఫ్ట్‌వేర్ లెక్క సరిచూసి సంతకం పెట్టడానికి ఒక్క టిక్కు బాబాయ్‌ని ఉంచారు.

"నేను అడ్డం పడ్డాను కాబట్టి మిగిలావు బావా," అన్నాడు బావమరిది. ఆ మాట భార్య చుట్టాలందరికీ చెప్పింది.

అలాంటప్పుడు ఒక పెద్ద సరుకుల దుకాణంవాళ్ళు ఆసుపత్రి ఎదురుగా ఉన్న స్థలం గురించి అడిగారు. సాఫ్ట్‌వేర్ రోజుకి తొమ్మిదివేల నాలుగొందల మంది అంది. టిక్కు బాబాయ్ మూడు రోజులు నిలబడ్డాడు. ఏ రోజు చూసినా పందొమ్మిది వందలకి అటూ ఇటూ. ఇదేమిటని రోడ్డువైపు చూస్తే సంగతి అర్థమైంది. అక్కడ సిగ్నల్ పడితే మూడు నిమిషాలు బళ్ళు కదలవు. కిక్కిరిసిన బస్సులు వరసగా ఆ స్థలం ముందే ఆగుతాయి. బస్సులో వేలాడుతున్నవాళ్ళ ఫోన్లన్నిటినీ సాఫ్ట్‌వేర్ నడిచేవాళ్ళ కింద కట్టేస్తోంది. ఆ ముక్కే వివరంగా రాసిచ్చాడు.

బావమరిది కాగితం చదివి తలుపు వేశాడు.

"బావా, ఈ సాఫ్ట్‌వేర్ కొనిపించింది నేను. మొదటి పెద్ద పార్టీ వీళ్ళే. కాస్త దగ్గరికి తెచ్చి రాయి."

"నడవని మనిషిని ఎక్కణ్ణుంచి తేనురా?"

"సరేలే. నీ ఇష్టం," అన్నాడు బావమరిది నవ్వుతూ. అతను నిజంగానే ఒప్పుకున్నాడని ఈయన అనుకున్నాడు.

దుకాణం తెరిచారు. తొమ్మిది నెలలు ఈగలు తోలుకుని మూసేశారు. అందులో పనిచేసే ముప్ఫై ఒక్కమంది రోడ్డున పడ్డారు. తప్పెవరిదని పైనుంచి అడిగితే మేనేజరు టిక్కు బాబాయ్‌ని పిలిచాడు. స్క్రీన్ మీద ఆయన రిపోర్టు ఉంది. 1,900 కాస్తా 9,100 అయింది. బస్సుల సంగతి ఒక్క ముక్క లేదు. కింద సంతకం మాత్రం ఆయనదే.

"ఇది నా లెక్క కాదు సార్," అని తన నోటుపుస్తకం బల్లమీద పెట్టాడు. అందులో గంట గంటకీ గీతలున్నాయి.

"పుస్తకంలో ఎవరైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు. మాకు సిస్టంలో ఉన్నదే లెక్క," అన్నాడు మేనేజరు.

టిక్కు బాబాయ్ బావమరిది వైపు చూశాడు. అతను మెల్లగా, ఎంతో జాలిగా అన్నాడు: "పెద్దవారైపోయారు సార్. అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయి. పాపం, ఆయన్నేమీ అనకండి."

తిట్టినా అంత కోసుకుపోయేది కాదు. "నువ్వే మార్చావు. నీకు తెలుసు," అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు చూసి మేనేజరు కూడా ముసలితనమే అనుకున్నట్టున్నాడు. నెలాఖరు నుంచి పనికి రానక్కర్లేదన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే భార్య గిన్నెలు సర్దుతూనే విన్నది.

"వాడికి ఇద్దరు పిల్లలు. మీకు ఎలాగూ రెండేళ్ళ సర్వీసే మిగిలింది. ఆ తప్పేదో మీ మీద వేసుకుంటే ఏం పోయేది? నలుగురిలో వాడి పేరెత్తాలా?"

"నేను అబద్ధం చెప్పానంటావా?"

"నిజమే చెప్పారు. నిజం కూడు పెడుతుందా?"

మర్నాడు ఉండబట్టలేక ఆసుపత్రి దగ్గరికి వెళ్ళాడు. దుకాణంలోంచి అరలు విప్పి లారీకెక్కిస్తున్నారు. అక్కడ బిల్లులు కొట్టిన అమ్మాయి చివరి కాగితాల కోసం వచ్చి మెట్లమీద కూర్చుని ఉంది.

"మూసేశారా అమ్మా?"

"మూయక ఏం చేస్తారండీ? ఎవడో మహానుభావుడు రోజుకి తొమ్మిదివేల మంది వస్తారని సంతకం పెట్టాడట. నేనున్న పని మానుకుని వచ్చాను. వాడికి పుట్టగతులుండవు."

ఆయన ఆమె ఒళ్ళోని కాగితాల సంచీ, నీరసించిన ఆ మొహం చూశాడు.

"ఉండవమ్మా," అన్నాడు.

బావమరిది ఇప్పటికీ ఆదివారాలు అక్కగారింటికి భోజనానికి వస్తాడు. "బావ ఏడీ?" అని అడుగుతాడు. అతను వెళ్ళేదాకా టిక్కు బాబాయ్ పక్కవీధి మంగలి దుకాణంలో పాత పేపరు తిరగేస్తూ కూర్చుంటాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని మంగలికి కూడా చెప్పడు.