ఎద్దులు కట్టని సోమవారం

కర్నూలులోనే పుట్టి, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడే పదవీ విరమణ పొందిన నాకు జిల్లాలో పడమటి వైపు అంటే మంత్రాలయం ఒక్కటే తెలుసు. కాశీ వెళ్ళొచ్చాను, ఊటీ చూశాను, ఆదోని కోట మాత్రం చూడలేదు. ఈ సంగతి సుజాత ముందు నోరు జారాను. సుజాత నా చిన్ననాటి స్నేహితురాలి చెల్లెలు. హైదరాబాదులో ఉంటూ, జనాన్ని చిన్న చిన్న బృందాలుగా ఊళ్ళకు తీసుకెళ్ళి చూపించే వ్యాపారం నడుపుతోంది. "సిగ్గుగా లేదా అక్కా, పదండి నాతో" అని అప్పటికప్పుడు నన్ను బయలుదేరదీసింది.

తనకు అక్కడ పని ఉంది. పోయిన వేసవిలో ఆదోనిలో ఏదో శిక్షణ తరగతుల్లో మార్తమ్మ అనే వ్యవసాయ కూలీ తనకు పరిచయమైంది. పెద్దకడుబూరు మండలంలో గుండ్లదిన్నె అని ఆమె ఊరు. "మా ఊరికి పిల్చుకొని రాండి మేడమ్, వండి పెడతా, ఎద్దుల బండి మీద కొండ దాకా తిప్పిస్తా" అని అప్పటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉందట. ముందు తానొకసారి చూసి, బాగుంటే బృందాలను తీసుకెళ్ళాలని సుజాత ఆలోచన. చెప్పుకోవడానికి యాత్రే గాని, మేము వెళుతున్నది మార్తమ్మకు పరీక్ష పెట్టడానికి.

ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం ఉదయం ఆరు గంటలకు కర్నూలు బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే కండక్టరు నాకు మా రాష్ట్రం ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. సుజాతది హైదరాబాదు అడ్రసు కావడంతో ఆమె డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. కిటికీ పక్క సీటు కూడా నాకే దక్కేసరికి ఆమె కోడుమూరు దాకా నాతో మాట్లాడలేదు. గోనెగండ్ల దాటాక రెండు వైపులా పత్తి ఏరేసిన చేలు, మధ్య మధ్య ఎర్రటి కందిమోళ్ళు, దూరంగా గుండ్లు పేర్చినట్టున్న కొండలు మొదలయ్యాయి. ఒడిలో టమాటా గంప పెట్టుకున్న ఒకావిడ మేము ఎందుకు వెళుతున్నామో అడిగి తెలుసుకుని చాలాసేపు నవ్వింది. "ఎమ్మిగనూర్లో సూసేకి ఏముందమ్మా? ఎండ తప్ప" అంది.

ఎమ్మిగనూరులో దిగేసరికి ఎనిమిదిన్నర. బస్టాండు దగ్గర బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి చేసే ఈ ఉగ్గాని మా కర్నూలులోనూ దొరుకుతుంది గాని, ఇక్కడిది తింటే అది ఎందుకు తిన్నామా అనిపిస్తుంది. తర్వాత నేతగాళ్ళ వీధులకు నడిచాం. చాలా ఇళ్ళలో చప్పుడు లేదు. ఒక ఇంట్లో మాత్రం మగ్గం ఆడుతోంది. ఒక పెద్దాయన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని దుప్పటి నేస్తున్నారు. లోపలికి రావచ్చా అని అడిగితే పని ఆపి మమ్మల్ని ఎగాదిగా చూశారు. "నేసేది సూడనీకి ఇంత దూరం వచ్చినారా? కూసోండి మరి" అని, మాకు కనిపించేలా తలుపు బార్లా తెరిపించి మళ్ళీ మొదలుపెట్టారు. మేము కూర్చున్నంతసేపూ ఆయన వీపు నిటారుగానే ఉంది. ఎవరో చూస్తున్నారన్న సంతోషం ఆయన చేతుల్లో తెలుస్తూనే ఉంది. చెరొక దుప్పటి కొనుక్కుని బయటపడ్డాం.

మధ్యాహ్నం బస్సులో ఆదోని చేరి, బస్టాండు దగ్గర లాడ్జీలో గది తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, నీళ్ళు మాత్రం అడిగి పట్టించుకోవాలి. ఈ ఊళ్ళో పత్తి గాలిలోనే ఉంటుంది. మిల్లుల వైపు కరెంటు తీగల మీదా చెట్ల కొమ్మల మీదా తెల్లటి పీచు వేలాడుతూ కనిపించింది. సాయంత్రం కోటకు వెళదామని ఆటో మాట్లాడితే డ్రైవరు మా మీద జాలిపడ్డాడు. "ఆడ ఏముంది మేడమ్, సిర్ఫ్ రాళ్ళే" అన్నాడు.

రాళ్ళే, కాదనను. కాని ఆ రాళ్ళ మధ్య నుంచి మెట్లెక్కి పైకి వెళితే గోడల వెనక గోడలు, బురుజులు, నీళ్ళు నిలిచే దొనలు. కింద ఊరంతా పరుచుకుని, జామియా మసీదు మినార్ల వెనక ఎండ దిగిపోతుంటే నా మోకాళ్ళ నొప్పి మాట కూడా మరిచిపోయాను. దారి చెప్పే బోర్డు ఒక్కటి లేదు. కూర్చోవడానికి ఒక బల్ల లేదు. ఆడవాళ్ళకు మరుగు సంగతి అడగనే వద్దు. ఇదే కోట ఇంకో రాష్ట్రంలో ఉంటే టికెట్టు కొని, వరుసలో నిలబడి, తిరిగొచ్చి పదిమందికి చెప్పుకునేవాళ్ళం. ఇంటికి ఇంత దగ్గర ఉంది కాబట్టి నేను అరవై ఏళ్ళు రాలేదు. నామీద నాకే కోపం వచ్చింది.

సోమవారం ఉదయం పెద్దకడుబూరు వైపు వెళ్ళే పల్లెవెలుగు బస్సెక్కి, తొమ్మిది లోపలే గుండ్లదిన్నె స్టేజీలో దిగాం. మార్తమ్మ, ఆమె భర్త యేసేపు మా కోసం నిలబడి ఉన్నారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో మార్తమ్మకు. మా సంచులు లాక్కోబోయింది, నేనివ్వలేదు. దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. ఈ ప్రాంతం వాళ్ళు చేలల్లో పని అయిపోగానే పిల్లాపాపలతో, కూలీలను కుదిర్చే మేస్త్రీ పంపే లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళతారు. దాన్ని సుగ్గి అంటారు. మార్తమ్మ వాళ్ళు ఏటా వెళ్ళేవాళ్ళే.

"రేపు పొద్దన్నే లారీ పోతాది మేడమ్. సాయంత్రానికల్లా మేస్త్రీకి మాట సెప్పల్ల" అంది. "పోతే పాపను గూడా బడి మాన్పించి తీస్కపోవల్ల. ఎనిమిదో తరగతి. పోయినేడు మూణ్ణెల్లు మాన్పిస్తే లెక్కల్లో తప్పింది. మీ మనుషులు వస్తామంటే మేం ఈడనే ఉంటాం."

  పరీక్ష ఇంత పెద్దదని నాకు తెలియదు.

ఊరి చివర ఈరన్న గారి ఇంటి ముందు బండి సిద్ధంగా ఉంది. చక్రాలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, లోపల కొత్త చాప పరిచారు. ఎద్దులు మాత్రం అవతల మేత వేసే గాటిపాట దగ్గర తాపీగా నెమరు వేస్తున్నాయి. ఎప్పుడు కడతారు అని సుజాత అడిగింది. డెబ్బై ఏళ్ళ ఈరన్న మా వైపు, మార్తమ్మ వైపు మార్చి మార్చి చూశారు.

"ఈ పొద్దు సోమారం గదా తల్లీ. సోమారం ఎద్దుల్ని కట్టం. అది బసవన్న వారం" అన్నారు. "ఊరికే బండి సూసేకి వస్తారని అనుకున్న్యా. ఎక్కుతారని ఎవరు సెప్పలే."

మార్తమ్మ గబుక్కున ఈరన్న వైపు తిరిగింది. "ఆదివారం మాకు సర్చి ఉంటాది, అందుకే సోమారం పెట్టినా. మీ కోడలికి సెప్తే సరే అనింది" అంది. తర్వాత సుజాత వైపు తిరిగి, "సోమారం మడక కట్టరని తెల్సు మేడమ్. బండి గూడా కట్టరని నాకేం తెల్సు? మాకు ఎద్దుల్లేవు" అంది.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఇప్పుడు బరువులన్నీ ట్రాక్టర్లే మోస్తున్నాయి, బండి కట్టేదే అరుదు. సోమవారం దున్నరని తెలిసిన మనిషి, షికారుకు కూడా కట్టరని ఎక్కడ చూసి ఉంటుంది? చుట్టూ నలుగురు చేరారు. ఒకాయన ట్రాక్టరు తెస్తానన్నాడు. సుజాత వద్దంది. ట్రాక్టరు ఎక్కడానికి హైదరాబాదు నుంచి ఎవరొస్తారు? ఇంకొకాయన, ఫోటో తీసుకునేంతసేపు కట్టి విప్పేయమని సలహా ఇచ్చాడు.

"పోటో కోసమైనా మెడ మీద కాడి పెడితే పెట్టినట్లే గదప్పా" అన్నారు ఈరన్న. గొంతు పెంచలేదు, కాని సలహా ఇచ్చినాయన వెనక్కి తగ్గాడు.

సుజాత వాచీ చూసుకుంది. వ్యాపారంలో ఉన్న మనిషి, ఆమె లెక్కలు ఆమెకు ఉంటాయి. యేసేపు తల దించుకుని కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. అది చూడలేక, సోమవారం ఎద్దులేం చేస్తాయని నేనే అడిగాను.

ఈరన్న మొహం వికసించింది. "కొండకాడికి తోల్కపోతా. గుండ్ల మాటున నీడ ఉంటాది, నీళ్ళుంటాయి. కడుగుతా, కొమ్ములకు నూనె పూస్తా. మేసినంత మేస్తాయి. రాండి, నడిసేకి ఐతే."

అలా బండి లేకుండానే బయలుదేరాం. ముందు ఎద్దులు, వెనక ఈరన్న, ఆ వెనక మేము. జొన్న కోసేసిన చేలల్లోంచి అడ్డదారి. సుజాతకు పశువులంటే భయం, నా కొంగు పట్టుకుని నడిచింది. వంక నీళ్ళలో ఈరన్న ఎద్దుల్ని కడిగి, ఆముదం సీసా సుజాత చేతికిచ్చారు. ఆమె మొదట వేలితో తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కన మార్తమ్మ నిలబడి ధైర్యం చెబితే మెల్లగా కొమ్ముకు నూనె రాసింది. ఎద్దు కళ్ళు మూసుకుంది. సుజాత అలా నవ్వడం ఈ రెండు రోజుల్లో మొదటిసారి చూశాను.

తర్వాత ఎద్దులు వాటంతటవే అలవాటైన నీడకు దారి తీశాయి. రెండు పెద్ద గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని, లోపల గది అంత చోటు. చల్లగా ఉంది. నేను నడుము వాల్చి పైకి చూసేసరికి, రాతి మీద ఎర్రటి గీతలు. పొడవైన కొమ్ములు, వీపు మీద మూపురం. ఎద్దులు. ఒకటి కాదు, రాయి వంపు పొడవునా మంద మంద.

"ఇవేంటి?" అంది సుజాత, లేచి నిలబడి.

"అవా? గొర్రెలు కాసేటోళ్ళు ఎప్పుడో గీసినారంటారు. మా తాత పుట్టకముందు నుంచి ఉండాయి" అన్నారు ఈరన్న. మార్తమ్మ కూడా నోరు తెరిచి చూస్తోంది. బండి బాట కొండకు అవతలి పక్క నుంచి పోతుంది, తానెప్పుడూ ఇటు రాలేదట. పశువులున్న వాళ్ళు తప్ప ఎవరూ రారట.

వందల ఏళ్ళవో వేల ఏళ్ళవో తెలిసినవాళ్ళు వచ్చి చెప్పాలి. మేము మాత్రం చెయ్యి తగలకుండా దూరంగా నిలబడి చాలాసేపు చూశాం. సుజాత ఒక్కొక్క ఎద్దునూ వరసగా చూస్తూ, "ఒక్కదాని మెడ మీద కూడా కాడి లేదక్కా" అంది.

"ఐతే అవి గూడా సోమారం ఎద్దులే తల్లీ" అన్నారు ఈరన్న.

భోజనం మార్తమ్మ ఇంట్లో. రెండు గదుల ఇల్లు, గోడకు క్యాలెండరులో శిలువ బొమ్మ, పక్కన పాప గీసిన రంగుల జెండా. వేడి వేడి జొన్నరొట్టె, వెర్రినువ్వులతో దంచిన గురెళ్ళ కారం, పుల్లగూర పప్పు. నేను ఎన్ని రొట్టెలు తిన్నానో రాయను. చేతులు కడుక్కుంటూ సుజాత అసలు మాట ఎత్తింది.

"మార్తమ్మా, ఎద్దుల బండి ఎక్కడైనా ఎక్కచ్చు. ఎద్దులకు సెలవిచ్చే ఊరు నేను చూడలేదు. ఉగాది దాకా ప్రతి సోమవారం మనుషుల్ని తీసుకొస్తాను, సుగ్గి కూలికి తగ్గకుండా మీకు డబ్బిస్తాను. ఆదివారం మంత్రాలయం వచ్చినవాళ్ళు ఒక్క రోజు ఆగితే చాలు. బొమ్మల దగ్గర మాత్రం ఈరన్న తాత చెప్పినట్టే నడుచుకోవాలి, ఎవరూ ముట్టుకోకూడదు."

మార్తమ్మ అలాగే అని తలూపి, నీళ్ళ చెంబు తీసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. బయటికి రావడానికి కాస్త సమయం పట్టింది. నాకు సంతోషంతో పాటు భయం కూడా వేసింది. లారీ వదులుకుంటే మళ్ళీ రాదు. మేము మాట తప్పితే వీళ్ళ సంవత్సరం ఏమవుతుంది? ఆ భయం సుజాత ముందే చెప్పాను. "నేను తప్పనక్కా" అంది.

నాలుగు గంటలకు ఎమ్మిగనూరు బస్సు. దంపతులిద్దరూ స్టేజీ దాకా వచ్చారు. బస్సు ఇంకా రాకముందే మేస్త్రీ మోటారు సైకిల్ ఆపి, ఒక కాలు కింద పెట్టి అడిగాడు.

"ఏం మార్తమ్మా, రేపు పొద్దన్నే లారీ. మీరిద్దరు వస్తాండారు గదా?"

మార్తమ్మ యేసేపు వైపు చూసింది. అతను తలూపాడు.

"లేదన్నా. ఈ తూరి మేం రాము. సోమారం మాకు పనుంది."

మేస్త్రీ నవ్వాడు. "ఎద్దుల్నే కట్టని దినం నీకేం పనమ్మా?"

"అదేన్నా పని" అంది మార్తమ్మ.

బస్సు కదిలాక సుజాత నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎమ్మిగనూరులో బస్సు మారి కర్నూలు దారి పట్టాం. గోనెగండ్ల దగ్గర పొద్దు గుంకుతుంటే, వచ్చేటప్పుడు నాకు బోసిగా కనిపించిన ఆ గుండ్ల కొండల్ని ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చున్నాను. వాటిలో దేని నీడన ఏముందో ఎవరికి తెలుసు? ఈ పడమటి ఊళ్ళలో ఏమీ లేదని నేనూ ఇన్నాళ్ళు అన్నదాన్నే. ఇక అనను.

వెళ్ళదలచిన వారికి రెండు మాటలు. నీళ్ళు, టోపీ వెంట ఉంచుకోండి, ఉదయం బస్సుకే వెళ్ళండి, రొట్టెల కోసం కడుపు ఖాళీగా ఉంచుకోండి. సోమవారం చూసి వెళ్ళండి. బండి మాత్రం అడగకండి.