దొంగ పేజీ ఉన్నంత కాలం

మొన్న ఎల్బీ నగర్ మెట్రోలో నా ఈడు వాళ్లిద్దరు స్నేహితులను కలుపుకునే ఆ పాత సైటు గురించి మాట్లాడుకుంటున్నారు. ఇప్పటి సైట్లేవీ రాకముందు కుర్రకారంతా అందులోనే ఉండేది. ఎంత బాగుండేదో, మనుషులు ఎంత అమాయకంగా ఉండేవారో అని ఒకటే నిట్టూర్పులు. అమాయకమట! నన్నడిగితే చెప్పేదాన్ని.

అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ వెనక సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ గదులు, గదికో పరదా. క్లాసులయ్యాక అమ్మాయిలం ఒకే కుర్చీలో ఇద్దరేసి ఇరుక్కుని కూర్చునేవాళ్లం. అందరికీ ఆ సైటులో పేజీలుండేవి, ముఖాలే ఉండేవి కావు. ఒకదాని పేజీలో గులాబీ, ఇంకోదాని పేజీలో ఎవరి పాపో బోసినవ్వు. గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నా ప్రాణ స్నేహితురాలైతే బుట్టలో కూర్చున్న కుక్కపిల్లను పెట్టుకుంది. నాకు ఒళ్లు మండేది. మగపిల్లలు పక్కవాడి బైకెక్కి, నల్లద్దాలు పెట్టుకుని దిగిన ఫోటోలు దర్జాగా పెట్టుకోవచ్చు, మేం మాత్రం పువ్వులమైపోవాలా? వనస్థలిపురంలో చుట్టాల పెళ్లిలో దిగిన ఫోటో ఉంటే అదే పెట్టాను. పసుపు డ్రెస్సు, నా ముఖం, నా పేరు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకరోజు ఇంట్లో ఫోన్ మోగింది. ఎవడో నాతో ఫ్రెండ్‌షిప్ చేస్తానన్నాడు. పెట్టేయగానే ఇంకొకడు. సాయంత్రానికి నాన్న వైరు పీకి పక్కన పడేశాడు. మర్నాడు నెట్ సెంటర్‌లో వెతికితే దొరికింది: నా ఫోటో, నా పేరు, మా ఇంటి ఫోన్ నంబరు, కింద నేను నోటితో పలకలేని మాటలు. నా పేరున ఎవడో నడుపుతున్న దొంగ పేజీ. ఎవడో ఇప్పటికీ తెలియదు. ఫిర్యాదు చేసే బటన్ ఉంటే నొక్కాను. పట్టించుకున్న నాథుడు లేడు.

సంగతి తెలిసి ఆ ఆదివారం చిన్నాయన వచ్చాడు. నాన్నకు తమ్ముడు, క్యాబ్ నడిపేవాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. ఆడపిల్లకు గివన్నీ ఎందుకన్నాడు, పరువు పోయిందన్నాడు, నా పేజీ మొత్తం బంద్ చెయ్యమన్నాడు. నాన్న తల దించుకుని వింటున్నాడు. నాకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

"నాది తీసేస్తే దొంగదొక్కటే మిగులుతది చిన్నాయనా. రేపు నా పేరు ఎవలు వెతికినా గదే నేననుకుంటరు. నేను తియ్య" అన్నాను.

నాకు నోరు లేస్తోందని నాన్నను తిట్టి పోయాడు. నన్ను కాదు, నాన్నను.

అమ్మ వంటింట్లోంచి అంతా వింది. మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని, నెట్ సెంటర్‌కు పోదాం పద అంది. అక్కడ ఓనర్ ముందు నిలబడి గట్టిగా చెప్పింది. "గా కంప్యూటర్ల నా బిడ్డ ఫోటో ఉన్నదంట. దాన్ని ఎవ్వలకియ్యకు." నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఫోటో ఆ ఒక్క పెట్టెలోనే ఉందనుకుంది పాపం. ఏ కంప్యూటర్‌లోనైనా కనబడుతుందని అతను చెప్పేసరికి అమ్మ ముఖం పాలిపోయింది. పరదా జరుపుకుని లోపలికొచ్చి కూర్చుంది. రెండు పేజీలూ పక్కపక్కన తెరిపించుకుంది. అమ్మకు చదవడం రాదు. దొంగ పేజీలో ఏం రాశాడో చెప్పమంది. రెండు మాటలు చెప్పి ఆగిపోయాను.

"నీ మొకం నీది. వాడు మంచిగనే తిరుగుతుండు, నువ్వెందుకు దాసుకుంటవ్? తియ్యకు. మీ చిన్నాయనకు నేను చెప్త" అంది అమ్మ.

ఏం చెప్పిందో తెలియదు కానీ చిన్నాయన మళ్లీ ఆ మాటెత్తలేదు. నాన్న ఫోన్ నంబరు మార్పించాడు.

ఇదంతా నెట్ సెంటర్‌లో స్నేహితురాలికి చెబితే గోళ్లు కొరుక్కుంటూ వింది. తర్వాత నన్ను పక్కకు జరిపి, కుక్కపిల్లను తీసేసి, బస్‌పాస్ కోసం దిగిన ఫోటో స్కాన్ చేయించి పెట్టింది. నూనె జడ, బెదురు చూపు. "ఇంత దరిద్రంగా ఉన్నానేంటే బాబూ" అని తనే నవ్వింది. అది చూసి హాస్టల్ పిల్లలు ఒక్కొక్కరే గులాబీలు తీసేశారు. నా పేజీలో స్నేహితుల ఫోటోలుండే గళ్లన్నీ ముఖాలతో నిండిపోయాయి. అసలుది ఇదే అని అందరూ నా పేజీ గోడ మీద రాశారు. ఒకమ్మాయి మాత్రం ఇంట్లో దెబ్బలు తిని మళ్లీ గులాబీకి పోయింది. ఆమెను నేనేమీ అనను.

దొంగ పేజీ మాత్రం కదల్లేదు. సరే, అది ఉన్నంత కాలం నాదీ ఉంటుందనుకున్నాను.

తర్వాత జనమంతా కొత్త సైటుకు ఎగబడ్డారు. నెట్ సెంటర్ పోయి మొబైల్ షాపు వచ్చింది. చిన్నాయన కూడా కొత్త సైటులో చేరాడు, ఎవరి కారుకో ఆనుకుని, నల్లద్దాలతో. నా స్నేహితురాళ్లలో కొందరు పెళ్లిళ్లయ్యాక అక్కడ మళ్లీ పువ్వులయ్యారు. ఇంకా ఆ పాతదాంట్లోనే ఏడుస్తున్నావా అని నన్ను ఆటపట్టించేవారు. ఏడవడం లేదు, కాపలా కాస్తున్నానని చెప్పేదాన్ని. అప్పుడప్పుడూ తెరిచి రెండూ చూసుకునేదాన్ని.

చివరికి సైటే మూసేస్తున్నామని ప్రకటించారు. ఆఖరి రోజు ఆఫీసులో తెరిచాను. దొంగ పేజీ అలాగే ఉంది, అవే బూతులు. నా పేజీలో ముఖాలూ అలాగే ఉన్నాయి. నా స్నేహితురాలు పెళ్లికి ముందు మళ్లీ కుక్కపిల్లను పెట్టబోయిందట, పాస్‌వర్డ్ మర్చిపోయింది. ఆ నూనె జడ చివరిదాకా అక్కడే ఉండిపోయింది. నాకు భలే సంతోషమేసింది.

సైటు మూతపడ్డ రోజు సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మకు చెప్పాను.

"దొంగది పోయిందా?"

పోయిందన్నాను.

"మరి నీది?"

అదీ పోయింది, దుకాణమే మూసేశారని చెప్పాను.

అమ్మ చేతిలో కాయ ఆగింది. "నువ్వైతే తియ్యలేదు గద?"

"తియ్యలేదమ్మా."

"గంతే" అని మళ్లీ ఒలుచుకోసాగింది.