పచ్చిపులుసు ఎక్కడ బాగుంటుందంటే

నా చిన్నప్పుడు మేడ్చల్ మోటరు స్టాండులో బస్సు దిగిన మనిషి మొదట అడిగే మాట ఒకటే. ఇక్కడ తిండి ఎక్కడ బాగుంటుంది? అడిగేది నన్నే. స్టాండు పక్కన బండరాయి మీద పొద్దంతా కూర్చుని ఉండేది నేనొక్కదాన్నే మరి. మా అవ్వ అక్కడే తడకల పందిరి కింద రెండు బల్లలు వేసి హోటల్ నడిపేది. హోటల్ అంటే జొన్నరొట్టె, ఏదో ఒక కూర, ఎర్రకారం. బోర్డు లేదు. ఉన్నా చదివేవాళ్ళు తక్కువ. మా అమ్మా నాయినా దూలపల్లి వైపు కూలికి పోయేవాళ్ళు. నన్ను బడికి పంపలేదు. మా ఇళ్ళల్లో ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కాబట్టి ఆ హోటల్‌కు బోర్డు నా నోరే.

అవ్వకు తిండి విషయంలో కొన్ని పట్టింపులు ఉండేవి. జాతరకు పోయినా, చుట్టాల ఊరికి పోయినా, హోటల్ వాడిని పట్టుకుని ఏం బాగుంటుందని అడిగేది కాదు. తిని బయటికి వచ్చి చెయ్యి కడుక్కుంటున్న మనిషిని ఆపి అడిగేది. అమ్మేవాడికి అన్నీ బాగుంటాయనేది. తన హోటల్ గురించి కూడా అంతే. ఎవరైనా వచ్చి అన్నం ఉందా అంటే, లేదని చెప్పి పంపేసేది తప్ప రొట్టె తినమని బతిమాలేది కాదు. అది నాకు నచ్చేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు రోడ్డుకు అవతల, సరిగ్గా మాకు ఎదురుగా, ఒక అక్క హోటల్ పెట్టింది. ఆమె పుట్టిల్లు తూప్రాన్ దగ్గర పల్లె. అక్క దగ్గర రొట్టె ఉండేది కాదు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. ఆ పచ్చిపులుసే మా పాలిట శని అనుకున్నాను నేను. కాల్చిన మిరపకాయలు, వేయించి దంచిన నువ్వులు, ఉల్లిగడ్డ ముక్కలు. ఎండాకాలం బస్సులో ఉడికిపోయి దిగినవాళ్ళు ఆ పులుసు గిన్నె ఎత్తి తాగేవాళ్ళు. నెల తిరగకుండానే జనం అడిగే మాట మారిపోయింది. తిండి ఎక్కడ బాగుంటుందని అడగడం మానేసి, పచ్చిపులుసు అక్క హోటల్ ఏదని అడగడం మొదలుపెట్టారు. నేను వేలు చూపించేదాన్ని. చూపించిన ప్రతిసారీ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టు ఉండేది.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను కుదిపింది హారను. కామారెడ్డి బస్సు డ్రైవరు మామ రోజూ మా పందిరి ముందు బండి ఆపి రెండుసార్లు హారను కొట్టేవాడు. అది విని అవ్వ పెనం మీద రొట్టె వేసేది. ఆ హారను మాది అనుకునేదాన్ని. ఒకనాడు బస్సు మా ముందు ఆగకుండా రోడ్డు అవతలికి తిరిగింది. హారను అక్కడ మోగింది. అక్క నవ్వుతూ గంటె ఊపింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అవ్వకు మాత్రం ఇదేమీ పట్టినట్టు లేదు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక నా చేతికి రెండు రొట్టెలిచ్చి ఎదురింటికి పంపేది. అక్క ఒక గిన్నె పచ్చిపులుసు పంపేది. పొద్దున పోటీ పడ్డ మనుషులు మధ్యాహ్నం పంచుకు తినడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని నేను నా మొదటి రొట్టె చేశాను. చేతులు కాలాయి. గుండ్రంగా వచ్చిందనే అనుకున్నాను. అవ్వ ఒక తుంపు తుంచి నోట్లో వేసుకుని, "అంచులు పలిగినయే" అంది. తర్వాత అక్క పంపిన గిన్నె ఎత్తి ఒక గుటక తాగి, కళ్ళు మూసుకుని, "అబ్బ! పానం లేచొచ్చినట్టుంది" అంది. అదే నోటితో.

ఇంకొకరైతే ఏడ్చి ఊరుకునేవారేమో. నేను ఊరుకోలేదు.

మర్నాడు అంగడి రోజు. అక్క తలుపు దగ్గరికి వేసి సరుకులు తెచ్చుకోవడానికి పోయింది. కామారెడ్డి బస్సు వచ్చింది. భార్యాభర్తలు, ఒక ముసలాయన దిగి పచ్చిపులుసు అక్క హోటల్ ఏదని అడిగారు. వాళ్ళ వెనకే డ్రైవరు మామ నిలబడి ఉన్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే స్టాండులో చాయ్ దుకాణం వాళ్ళింట్లో ముసలామె పోయింది. పదకొండు రోజులు వాళ్ళ దగ్గర ఎవరూ మంచినీళ్ళు కూడా తాగలేదు. మైల ఇంట్లో ఎవరూ నోట్లో బుక్క పెట్టరని అప్పుడే చూశాను. ఆ చూసింది నాకు పనికొచ్చింది.

"ఆళ్ళింట్ల సావైంది పెదనాయినా. మైల పడ్డరు. గిటు రాండ్రి, మా అవ్వ రొట్టెలు మస్తుంటయి" అన్నాను.

మూసి ఉన్న తలుపు నా మాటకు సాక్ష్యం చెప్పింది. ముసలాయన అయ్యో అన్నాడు. డ్రైవరు మామ తల మీది తుండుగుడ్డ తీసి ఒక క్షణం అటు చూసి, మా బల్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. తిండి ముందు చావు మాట ఎత్తకూడదు కదా, అందుకని అవ్వతో ఏమీ అనలేదు. తిని పోయాడు. ఆ రోజు నా అంత సంతోషంగా మేడ్చల్లో ఎవరూ ఉండి ఉండరు.

బస్సు ఎక్కిన అబద్ధం మనకన్నా జల్దీగా ఊళ్ళు తిరుగుతుంది. రెండో రోజు లారీల వాళ్ళు కూడా అక్క హోటల్ వైపు చూడలేదు. హారను మళ్ళీ మా ముందు మోగింది. సాయంత్రం అక్క పెద్ద గిన్నెతో అన్నం మోసుకుంటూ రోడ్డు దాటి వచ్చింది.

"పెద్దవ్వా, ఒక్క పురుగు రాలే ఇయ్యాల. వండిందంత వండినట్టే ఉన్నది. గిట్లనే ఉంటె ఇగ పొయ్యి ఆర్పేసి మల్ల కూలికి పోవుడే" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్ళల్లో నవ్వు లేదు. ఎవరి మనసు ఎట్లా విరిగిందో, ఉప్పు ఎక్కువైందేమో, నీళ్ళు బాగాలేవేమో అని తనలో తనే వెతుక్కుంది. అవ్వ కూడా పరేషాన్ అయింది. ఆ అన్నం నాకు పెడితే కడుపు నొప్పని చెప్పి పడుకున్నాను. నిజం మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెబితే హారను మళ్ళీ అటు పోతుందని.

మూడో రోజు పొద్దున కామారెడ్డి బస్సులోంచి ఒక ముసలామె దిగింది. దిగడం కాదు, దాదాపు పడింది. జుట్టు విరబోసుకుని ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. ఆమె కూడా అందరిలాగే బండరాయి మీదున్న నా దగ్గరికే వచ్చింది. నా రెండు భుజాలు పట్టుకుంది.

"బిడ్డా, పచ్చిపులుసు హోటల్ నా బిడ్డదే. ఎవరు పోయిండ్రే? నా బిడ్డనా? అల్లుడా? పిలగాండ్లా? ఎవరో చెప్పు బిడ్డా, నీ కాల్మొక్త."

డ్రైవరు మామ నా మాట తూప్రాన్‌లో ఎవరికో చెప్పాడట, వాళ్ళు దాన్ని ఈమె ఊరికి మోసుకుపోయారట. రాత్రంతా ఈమె ఇంట్లో వాళ్ళందరినీ ఒక్కొక్కరినీ మనసులో చంపుకుని ఏడ్చి ఉంటుంది. ఆ చేతులు నా భుజాల మీద వణుకుతూనే ఉన్నాయి. ఆ అరుపులు విని ఎదురింటి తలుపు తెరుచుకుంది. చేతిలో గంటెతో అక్క బయటికొచ్చింది.

ముసలామె రోడ్డు ఎట్లా దాటిందో నాకు తెలియదు. కూతురి మొహం, చేతులు, జుట్టు తడిమి తడిమి చూసింది. "అందరున్నరే అమ్మా, అందరు మంచిగున్నరు. ఏందే గిది? ఎవడు చెప్పిండే నీకు?" అని అక్క ఏడుస్తూ అరుస్తోంది. జనం మూగారు. డ్రైవరు మామ తల గోక్కుంటూ, "గీ పోరినే చెప్పింది. నా చెవులార ఇన్న" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. అవ్వ కూడా.

అవ్వ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండునని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆమె లోపలికి పోయి మండుతున్న మా పొయ్యిలో చెంబుడు నీళ్ళు కుమ్మరించింది. పిండి గిన్నె మీద మూత పెట్టింది. నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, అక్క హోటల్ ముందు బల్లను స్టాండులో అందరికీ కనిపించేలా ఎండలోకి లాగి కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టింది.

"అన్నం పెట్టు బిడ్డా" అని అక్కతో అని, స్టాండు వైపు తిరిగి గొంతు పెంచింది. "మైల ఇంట్ల ఎవరన్న బుక్క ముడ్తరా? నేను తింటున్న, సూడుండ్రి. నా ఇంట్ల పొయ్యి ఆర్పి వచ్చి తింటున్న. ఆకలైనోళ్ళు గీడ కూసోండ్రి."

అక్క అవ్వకు వడ్డించింది. నా వైపు చూడలేదు. నా ఆకులో అన్నం పెట్టింది ఆ ముసలామె. పచ్చిపులుసు పోస్తుంటే సగం నా గౌను మీద పడింది. "నా బిడ్డ బతికుంది. గంతే సాలు. తిను" అంది.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అన్నాళ్ళూ అవ్వకు మోసుకొచ్చి ఇచ్చానే కానీ ఆ పులుసును పంతం కొద్దీ ఒక్కసారి కూడా రుచి చూడలేదు. కాల్చిన మిరపకాయ వాసన, నువ్వుల కమ్మదనం, ఆఖరున చింతపండు పులుపు. అది నిజంగానే బాగుంది. అవ్వ కళ్ళు మూసుకున్నది ఊరికే కాదు. సిగ్గుతో ఏడ్చానా, కుళ్ళుతో ఏడ్చానా అంటే, రెండూ ఉన్నాయి. ఇంత చేసి కూడా అది అంత బాగున్నందుకు నాకు ఇంకా కోపంగానే ఉంది. ఒక్క గుటక మింగడానికి చాలాసేపు పట్టింది.

అంతలో ఒక లారీ డ్రైవరు వచ్చి బల్ల మీద కూర్చుని, రొట్టె కావాలని అక్కను అడిగాడు. అక్క ఇంకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "ఇయ్యాల పెద్దవ్వ పొయ్యి ముట్టియ్యలే అన్నా. రొట్టె తినాలంటె రేపు రా, గామె తాననే తిను. పోయిన వారం గూడ నిన్ను గాడికే తోలిన గదా" అంది. ఆ మాట అనడానికి ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన దగ్గరికి వచ్చినవాళ్ళను ఆమె ఎన్నాళ్ళ నుంచి మా వైపు పంపుతోందో నాకు తెలియదు. ఆమె వైపు పోయేవాళ్ళను లెక్కపెట్టడంతోనే నాకు సరిపోయింది. మా వైపు ఎవరు పంపితే వస్తున్నారో నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం అవ్వ చెప్పింది రెండు ముక్కలే. "ఎవలన్న అడిగితె ఏం తిన బుద్ధైతుందని ముందు అడుగు. అటెనుక తొవ్వ చూపియ్యి. అడిగినోడు ఆకలి మీద ఉంటడు, నీ కడుపుమంట ఆనికెందుకే?"

మర్నాటి నుంచి నేను ప్రతి బస్సుకూ ఎదురు పోయి అట్లాగే చేశాను. డ్రైవరు మామ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బస్సును రెండు హోటళ్ళకూ మధ్యలో, అసలు హారనే కొట్టకుండా ఆపేవాడు. అక్క మనసు మెత్తబడడానికి ఆ ఏటి బోనాల దాకా పట్టింది. నా రొట్టె అంచులు పగలకుండా రావడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

రోడ్డు వెడల్పులో ఆ రెండు హోటళ్ళూ పోయాయి. నన్ను శామీర్‌పేటకు ఇచ్చారు. ఇప్పుడు మా కోడలు కరీంనగర్ రోడ్డు పక్కన టిఫిన్ సెంటర్ నడుపుతోంది. అరవై దాటాక మనవరాలు పలక పట్టించి నాకు అక్షరాలు నేర్పింది. అవి వచ్చాక మొదట చదివింది దేవుడి పుస్తకం కాదు. మనవరాలి ఫోన్‌లో మా హోటల్ గురించి జనం రాసిన మాటలు. మా ఎదురుగా కోస్తా నుంచి వచ్చిన ఒకామె పెట్టిన హోటల్‌కు మాకన్నా ఎక్కువ రేటింగు చుక్కలున్నాయి. ఆమె పెసరట్టు గురించి రాయనివాడు లేడు. అవి రోజూ చదివేదాన్ని. రోజూ కడుపు మండేది.

"నువ్వు గూడ రాయి నాయనమ్మా" అని మనవరాలు ఫోన్ చేతికిచ్చి స్నానానికి పోయింది. ఎదురింటి హోటల్ పేరు కిందకి పోయి ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ నొక్కాను. ఈ. గ. అక్షరాల పుస్తకంలో రెక్కలతో బొమ్మ వేసి ఉంటుందే, అదే ఈగ. ఆమె పెసరట్టులో ఈగ వచ్చిందని రాయబోయాను. ఎవరు చూడొచ్చారు? అప్పుడు నా భుజాల మీద రెండు చేతులు వణికినట్టయింది. అరవై ఏళ్ళ కిందటి చేతులు. ఆ రెండక్షరాలు చెరిపేశాను. పెసరట్టు ఇక్కడే తినాలి అని రాశాను. ఇడ్లీకి మాత్రం రోడ్డు దాటి మా దగ్గరికి రండి అని కూడా రాశాను. అది అబద్ధం కాదు.

ఆదివారం శామీర్‌పేట చెరువు చూడటానికి వచ్చేవాళ్ళు మా కుర్చీల దగ్గర ఆగి, టిఫిన్ ఎక్కడ బాగుంటుందమ్మా అని ఇప్పటికీ నన్నే అడుగుతారు. ఏం తినాలనుందని అడుగుతాను. పెసరట్టు అంటారు. ఇన్నేళ్ళు వచ్చాయి, అయినా ఆ మాట వినగానే కడుపు మండుతుంది. ఒక్క గుటక మింగుతాను. మింగి, వేలు రోడ్డు అవతలికి చూపిస్తాను.