ఫిలింనగరులో టైటానియం సైకిలు

సాఫ్ట్‌వేరు కొలువులు ముమ్మరంగా ఉన్న కాలంలో విజయనగరం నుంచి హైదరాబాదు వెళ్లిన నేను, ఒక ఉదయం ఫిలింనగరు ఎత్తురోడ్డు మీద సినిమా చిత్రీకరణ చూస్తూ నిలిచాను. కోటీశ్వరుడి కొడుకుగా నటించే కథానాయకుడు తొక్కడానికి, షేక్‌పేటకు చెందిన సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఒకడు తేలికైన, ఖరీదైన తన టైటానియం సైకిలు తెచ్చాడు. దాని చట్రం రంగు అనేదే లేక బూడిదవన్నెలో ఉంది.

ప్రొడక్షన్ మేనేజరు పెదవి విరిచాడు. “ఏంటి బాబూ, రంగు పోయిన సైకిల్ తెచ్చావు?”

“పోలేదన్నా, అసలు ఎయ్యనే లేదు. ఇది తుప్పు పట్టది, రంగెందుకు?”

“ఖరీదైనదని తెర మీద చూసేవాడికి తెలియద్దూ? ఎర్ర రంగు కొట్టిద్దాం.”

తన సైకిలును తెర మీద చూసుకోవాలని ఆ యువకునికి ఎంతో ఆశ. అయినా దానిని వెనక్కు తిప్పాడు. “సినిమాల రాకున్నా సరే, రంగు మాత్రం ఎయ్యనియ్య.”

“పోనీ, పేపర్లు వేసే పేదవాడి వేషం ఉంది. దానికిస్తావా? రంగక్కర్లేదు.”

యువకుడు నవ్వి ఒప్పుకొని, వంపు హ్యాండిలు కనబడకుండా గుడ్డసంచి తానే తగిలించాడు. పేదవాని పాత్రధారి ఆ ఎత్తును రొప్పుతూ ఎక్కాలి. కాని అతడు అలవోకగా ఎక్కేశాడు.

“కట్! కష్టపడుతూ తొక్కవయ్యా!” అని దర్శకుడు అరిచాడు.

“కష్టమే తెలియట్లేదండీ! గతుకుల్లో కూడా చేతులు అదరట్లేదు.”

మూడోసారీ అంతే కావడంతో దర్శకుడు వేరే సైకిలు తెమ్మన్నాడు.

“రెండు వేషాలూ పాయె సార్!” అని నాతో అంటూ యువకుడు సంచి తీసివేసి, ఇంటికి పోతూ ఆ ఎత్తును ఈల వేసుకుంటూ ఎక్కాడు.